సైన్యంలో నేర్చుకున్నది మీ డిగ్రీలో ఎక్కడ పడుతుంది?

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అమెరికా నేవీలో హాస్పిటల్ కోర్‌మన్‌గా, అంటే వైద్య సహాయకుడిగా చేసి, ఈ ఏడాది బయటికి వస్తున్నాడు. "అక్కా, కాలేజీవాళ్ళు నా ట్రైనింగ్‌కి 40 క్రెడిట్లు ఒప్పుకున్నారు! ఏడాది పైన చదువు కలిసొచ్చినట్టే కదా?" అని ఒకటే సంబరం. క్రెడిట్లంటే డిగ్రీకి కావలసిన చదువుని కొలిచే లెక్క. వాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక ఒక్క మాట మాత్రం అడిగాను. "ఆ 40 నీ డిగ్రీలో ఏ కోర్సుల బదులు పడ్డాయిరా?" వాడి దగ్గర జవాబు లేదు. నేను కాలేజీలో చేరినప్పుడు నా దగ్గరా లేదు. ఆ జవాబు తెలుసుకోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

నేను అమెరికా ఆర్మీలో ఆరేళ్ళు చేశాను. నా ఉద్యోగం కోడ్ 92ఏ. మామూలు మాటల్లో చెప్పాలంటే సప్లై గోడౌన్ పని: సరుకు దించుకోవడం, లెక్కపెట్టడం, కంప్యూటర్లోకి ఎక్కించడం, అడిగిన యూనిట్‌కి పంపడం. వర్జీనియాలో ఫోర్ట్ లీలో ట్రైనింగ్, తర్వాత టెక్సాస్‌లో ఫోర్ట్ హుడ్. సార్జెంట్ అయ్యాక 2019లో బయటికి వచ్చి, సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరాను. కాలేజీవాళ్ళు 38 క్రెడిట్లు ఒప్పుకున్నట్టు ఈమెయిల్ వచ్చింది. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పింది. ఆ సాయంత్రమే డిగ్రీ ఆడిట్ తెరిచాను. డిగ్రీ ఆడిట్ అంటే, మీరు ఏ కోర్సులు పూర్తిచేశారు, ఏవి మిగిలాయి అన్నది వరసగా చూపించే పేజీ. హెల్త్ కింద 3, ఫ్రీ ఎలెక్టివ్స్ కింద, అంటే మనకి నచ్చినవి తీసుకునే కోర్సుల కింద 9. మిగతా 26 క్రెడిట్లు పేజీ అడుగున, "డిగ్రీకి వర్తించనివి" అన్న శీర్షిక కింద ఉన్నాయి. 38 ఒప్పుకున్నమాట నిజమే. డిగ్రీలో నాకు తగ్గింది 12 మాత్రమే.

మోసమేమీ జరగలేదు. నా డిగ్రీలో ఫ్రీ ఎలెక్టివ్స్‌కి ఉన్న చోటే 9 క్రెడిట్లు. అందులో పట్టినన్ని పట్టాయి, మిగిలినవి పక్కన పెట్టారు. ఏ కోర్సు దేనికి సమానమో చూడమని నేను అడగలేదు, వాళ్ళు చూడలేదు. కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ క్రెడిట్ ఏ కోర్సు బదులు పడుతుంది?

ముందు మీ ట్రాన్‌స్క్రిప్ట్ చదవడం నేర్చుకోండి

ఆర్మీ, నేవీ, మెరైన్ కోర్, కోస్ట్ గార్డ్ వాళ్ళకి జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్ అనే చదువు రికార్డు ఉంటుంది. అందరూ జేఎస్‌టీ అంటారు. వాటి రిజర్వ్ వాళ్ళకీ, ఆర్మీ నేషనల్ గార్డ్ వాళ్ళకీ ఇదే. పైసా ఖర్చు లేదు. జేఎస్‌టీ వెబ్‌సైట్లో అకౌంట్ తెరిచి మీ కాపీ చూసుకోవచ్చు, అసలు కాపీని అక్కడినుంచే నేరుగా కాలేజీకి పంపించవచ్చు. మీరు ప్రింట్ తీసి ఇచ్చిన కాగితాన్ని రిజిస్ట్రార్ ఆఫీసు సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. అది మీరు చదువుకోవడానికి.

ఎయిర్‌ఫోర్స్, స్పేస్ ఫోర్స్‌లో సిపాయి ర్యాంకుల వాళ్ళ దారి వేరు. వాళ్ళకి 1972లో మొదలైన కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ ఉంది. అది గుర్తింపు పొందిన కాలేజీ కాబట్టి వాళ్ళ ట్రైనింగ్ నేరుగా కాలేజీ క్రెడిట్‌గానే నమోదవుతుంది, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ కూడా అక్కడే వస్తుంది. ఆ డిగ్రీ పూర్తయితే, ఏయూ-ఏబీసీ అనే ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీల్లో 60 క్రెడిట్లు చదివి బ్యాచిలర్స్ ముగించవచ్చు. మీరు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండి అసోసియేట్ డిగ్రీకి రెండు మూడు కోర్సుల దూరంలో ఆగిపోయి ఉంటే, దయచేసి సర్వీసులో ఉండగానే అది పూర్తిచేయండి. బయటికి వచ్చాక ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇక జేఎస్‌టీ. అందులో మీ మిలిటరీ కోర్సులు, మీరు చేసిన ఉద్యోగాలు, రాసిన పరీక్షలు వేర్వేరు భాగాలుగా ఉంటాయి. ఒక్కో దాని కింద అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, అంటే ఏస్, ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు ఇవ్వొచ్చో సిఫార్సు చేస్తుంది. కాలేజీల్లో పాఠాలు చెప్పే అధ్యాపకులే బృందాలుగా కూర్చుని మిలిటరీ కోర్సుల సిలబస్, పరీక్షలు చూసి ఈ సిఫార్సులు రాస్తారు. రెండో ప్రపంచ యుద్ధం కాలం నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అయితే అది సిఫార్సు మాత్రమే. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ కోర్సు కింద ఇవ్వాలి అన్నది ప్రతి కాలేజీ సొంతంగా తేల్చుకుంటుంది.

నా జేఎస్‌టీ మొదటిసారి చూసినప్పుడు మొత్తం ఎంతో కూడుకుని మూసేశాను. అలా చేయకండి. ఒక్కో వరుస చివర ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది, దాని దగ్గర ఆగండి. 'ఎల్' అంటే డిగ్రీ మొదటి రెండేళ్ళ స్థాయి. 'యూ' అంటే చివరి రెండేళ్ళ స్థాయి. 'వీ' అంటే వృత్తి విద్య స్థాయి. 'జీ' అంటే పీజీ స్థాయి. మీ డిగ్రీలో మూడో ఏడాది చదవాల్సిన లాజిస్టిక్స్ కోర్సుకి బదులుగా 'ఎల్' స్థాయి క్రెడిట్ చూపిస్తే చాలా కాలేజీలు ఒప్పుకోవు. 'వీ' స్థాయి క్రెడిట్‌ని నాలుగేళ్ళ డిగ్రీలో తీసుకునేవాళ్ళు ఇంకా తక్కువ. కానీ అదే 'వీ' క్రెడిట్ కమ్యూనిటీ కాలేజీలో అప్లయిడ్ సైన్స్ అసోసియేట్ డిగ్రీకి చక్కగా పనికొస్తుంది.

ఉద్యోగం కోడ్ చివర ఉండే అంకెలు కూడా చూడండి. 92ఏ10 అంటే మొదటి మెట్టు, 92ఏ20 అంటే సార్జెంట్ మెట్టు. మెట్టు పెరిగేకొద్దీ సిఫార్సు పెరుగుతుంది, మనుషుల్ని పర్యవేక్షించడం లాంటి సబ్జెక్టులు కలుస్తాయి. తేదీలు కూడా ముఖ్యమే. ఒకే పేరున్న కోర్సుకి 2012లో ఒక సిఫార్సు, 2017లో ఇంకొకటి ఉండొచ్చు. సిలబస్ మారితే ఏస్ మళ్ళీ చూస్తుంది. మీరు చేసిన తేదీకి తగిన సిఫార్సే మీ జేఎస్‌టీ మీద ఉందో లేదో ఏస్ మిలిటరీ గైడ్‌లో ఆ కోర్సు నంబర్ కొట్టి సరిచూసుకోవచ్చు. ఆ గైడ్ అందరికీ ఉచితం. అందులో కోర్సు వివరణ కూడా ఉంటుంది. అది మీకు తర్వాత చాలా పనికొస్తుంది.

తప్పులు ఉంటాయి. నేను చేసిన బేసిక్ లీడర్ కోర్స్, అదే సార్జెంట్లు కాబోయేవాళ్ళు చేసే 22 రోజుల కోర్సు, నా జేఎస్‌టీలో అసలు లేదు. నేను పాసయినట్టు ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించలేదు. కోర్సు చివర ఇచ్చే డీఏ ఫారం 1059ని నేను అదృష్టం కొద్దీ పారేయలేదు. దాన్ని పంపాక సరిచేశారు. ఆర్మీలో ఉన్నవాళ్ళు ప్రతి కోర్సు సర్టిఫికెట్‌నీ, ప్రతి 1059నీ స్కాన్ చేసి మీ సొంత ఈమెయిల్‌కి పంపుకోండి. సర్వీసులో ఇచ్చిన ఈమెయిల్ బయటికి వచ్చాక తెరుచుకోదు. బయటికి వచ్చినవాళ్ళు డీడీ-214లో, అంటే సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే కాగితంలో, 14వ గడి చూడండి. మీ మిలిటరీ చదువు అక్కడ రాసి ఉంటుంది. అక్కడ ఉండి జేఎస్‌టీలో లేనిది ఏదైనా ఉంటే వెంటనే అడగండి.

కాలేజీలో చేరకముందే అడగాల్సినవి

"మిలిటరీ క్రెడిట్లు తీసుకుంటారా?" అని అడిగితే ప్రతి కాలేజీ అవుననే అంటుంది. ఆ ప్రశ్నకి విలువ లేదు. నేను ఇప్పుడు ఎవరికి సలహా చెప్పినా ఇలా అడగమంటాను: "నా జేఎస్‌టీ ఇదిగో, నేను చేరాలనుకుంటున్న డిగ్రీ ఇది. చేరకముందే, ఏ క్రెడిట్ ఏ కోర్సు కింద వేస్తారో రాసి ఇస్తారా?" కొన్ని కాలేజీలు ఇస్తాయి. కొన్ని, అప్లికేషన్ పెట్టి, అడ్మిషన్ వచ్చి, డిపాజిట్ కట్టాకనే చూస్తామంటాయి. మొదటి రకం రెండు మూడు దొరికేదాకా వెతకండి. ఒకే జేఎస్‌టీని ఒక కాలేజీ 12కి, ఇంకో కాలేజీ 30కి లెక్కగట్టడం మామూలే.

న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీ, కనెక్టికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ కాలేజ్ లాంటివి పనిచేస్తూ చదువుకునే పెద్దవాళ్ళ కోసమే పుట్టిన కాలేజీలు. బయట సంపాదించిన క్రెడిట్లు తీసుకోవడం వాటికి అలవాటు. క్యాంపస్ జీవితం కావాలనుకునేవాళ్ళకి అవి సరిపోకపోవచ్చు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళు మాత్రం ముందు వాటినే చూడడం మంచిది.

ఎంత ఉదారమైన కాలేజీ అయినా కొన్ని క్రెడిట్లు తన దగ్గరే చదవాలంటుంది. సర్వీసులో ఉన్నవాళ్ళ కోసం రక్షణ శాఖతో ఒప్పందం ఉన్న కాలేజీల్లో అది సాధారణంగా డిగ్రీలో నాలుగో వంతు, అంటే 120లో 30. ఇది కూడా ముందే అడిగి తెలుసుకోండి.

మీ రాష్ట్రం చట్టం కూడా చూడండి. నేను హైస్కూల్ టెక్సాస్‌లోనే పూర్తిచేశాను. అక్కడి చట్టం ప్రకారం కనీసం రెండేళ్ళు సర్వీసు చేసి మంచి పేరుతో బయటికి వచ్చినవాళ్ళకి, కొన్ని షరతులకు లోబడి, ప్రభుత్వ కాలేజీలు వ్యాయామ విద్య కోర్సులన్నిటికీ క్రెడిట్ ఇవ్వాలి. దానితోపాటు ఎలెక్టివ్స్‌లో 12 క్రెడిట్ల వరకూ ఇవ్వాలి. మంచి చట్టమే. కానీ చూడండి, అది కూడా ఎలెక్టివ్స్ దగ్గరే ఆగిపోయింది. మేజర్‌లో, అంటే డిగ్రీ ముఖ్య సబ్జెక్టులో, పడాలంటే ఎవరికి వాళ్ళు అడగాల్సిందే.

ఇంకో సంగతి. ఒక కాలేజీ మీ మిలిటరీ ట్రైనింగ్‌కి ఇచ్చిన క్రెడిట్లు, మీరు ఇంకో కాలేజీకి మారితే అలాగే వెంట రావు. రెండో కాలేజీ జేఎస్‌టీని మళ్ళీ మొదటినుంచి చూస్తుంది. ముందు కమ్యూనిటీ కాలేజీ, తర్వాత యూనివర్సిటీ అనుకునేవాళ్ళు ఆ యూనివర్సిటీని కూడా ఇప్పుడే అడగాలి.

కోర్సు కోర్సుకీ అర్జీ పెట్టడం

అసలు పని ఇది. నేను 26 క్రెడిట్లు పేజీ అడుగున చూసిన తర్వాత చాలా రోజులు ఊరుకున్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు, టీచర్లు చెప్పిందే ఖాయం అని పెరుగుతాం కదా, కాలేజీ రాసిచ్చిన కాగితాన్ని ప్రశ్నించవచ్చని తట్టలేదు. వెటరన్స్ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ చెప్పింది, "ఇది తీర్పు కాదమ్మా, మొదటి లెక్క మాత్రమే" అని. అర్జీ ఫారం ఎక్కడుందో ఆవిడే చూపించింది.

ముందు నా డిగ్రీ ఆడిట్‌లో ఇంకా చదవాల్సిన కోర్సులన్నీ ఒక కాగితం మీద ఎడమవైపు రాసుకున్నాను. కుడివైపు, జేఎస్‌టీలో దానికి దగ్గరగా ఉన్న వరుస. పేర్లు కలవక్కర్లేదు, విషయం కలవాలి. అలా చూస్తే మూడు జతలు కుదిరాయి. ఒకటి ఆఫీసు కంప్యూటర్ అప్లికేషన్ల కోర్సు, రెండోది మేనేజ్‌మెంట్ మౌలిక సూత్రాలు, మూడోది ఇన్వెంటరీ కంట్రోల్. మిగతావాటికి లాగి లాగి పోలికలు వెతికాను కానీ వదిలేశాను. బలహీనమైన అర్జీలు పది పెడితే బలమైన మూడూ వాటిలో కలిసిపోయి పోతాయి.

ఒక్కో కోర్సుకీ ఒక్కో పేజీ తయారుచేశాను. ఆ కాలేజీ సిలబస్‌లో వారాలవారీగా ఉన్న అంశాలు ఒకవైపు, ఏస్ గైడ్‌లో మా కోర్సు వివరణలోని వాక్యాలు రెండోవైపు. వాటి కింద ఆధారాలు: 1059, సర్టిఫికెట్లు, ఎన్‌సీఓల (సార్జెంట్ స్థాయి వాళ్ళ) వార్షిక మదింపు నివేదికలో నా పని గురించి పై అధికారి రాసిన రెండు వాక్యాలు. సోషల్ సెక్యూరిటీ నంబర్ కనిపించకుండా కొట్టేశాను. ఒక జాగ్రత్త: రహస్యం అని గానీ, బయటికి ఇవ్వకూడదని గానీ ముద్ర ఉన్న కాగితం ఏదైనా సరే అర్జీతో జతచేయకండి. ఆధారం లేకపోయినా ఫరవాలేదు.

మిలిటరీ భాషని కాలేజీ భాషలోకి మార్చడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. "ఎస్ఎస్ఏలో ఏఎస్ఎల్ మెయింటెయిన్ చేశాను" అని రాస్తే ఎదుటివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. "వేల రకాల విడిభాగాలు ఉండే గోడౌన్లో, ఒక్కోటి ఎంత నిల్వ ఉంచాలి, ఎంతకి తగ్గితే మళ్ళీ ఆర్డర్ పెట్టాలి అన్నది పాత గిరాకీని బట్టి చూసుకునేదాన్ని" అని రాస్తే అది వాళ్ళ మూడో చాప్టర్. ఇలా రాస్తున్నప్పుడే నాకు కూడా నేను ఏం నేర్చుకున్నానో తెలిసింది.

ఇన్వెంటరీ కంట్రోల్ విషయంలో కాగితం సరిపోలేదు. అది మూడో ఏడాది కోర్సు, నా సిఫార్సు 'ఎల్' స్థాయిది. డిపార్ట్‌మెంట్‌లో ఆ సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్ ఒకసారి వచ్చి మాట్లాడమన్నారు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆయన కూర్చోమని, ఒకే ప్రశ్న అడిగారు. "కంప్యూటర్లో 12 ఉన్నాయి. షెల్ఫ్ మీద 9 ఉన్నాయి. ఏం చేస్తారు?"

ఆ ప్రశ్న వినగానే భయం పోయింది. ఆరేళ్ళు చేసిన పని అదే. చెప్పాను: వెంటనే లెక్క సరిచేసి రాయం. ముందు ఇంకొకరితో మళ్ళీ లెక్కపెట్టిస్తాం. తర్వాత పక్క గళ్ళు చూస్తాం, ఎందుకంటే ఒక అంకె తేడా ఉన్న స్టాక్ నంబర్ సరుకు పొరపాటున పక్క గడిలో పడుతుంటుంది. తర్వాత దారిలో ఉన్న సరుకు చూస్తాం, దించుకోకుండానే దించుకున్నట్టు ఎవరైనా ఎక్కించారేమో అని. పంపిన రసీదులు చూస్తాం. ఒక్కోసారి ఒక పెట్టెలో ఒకటి ఉంటుంది, ఒక్కోసారి నాలుగు ఉంటాయి, పెట్టెని ఒకటిగా లెక్కపెట్టారేమో చూస్తాం. దీన్ని మేం కాజేటివ్ రీసెర్చ్ అంటాం. అన్నీ చూశాక కూడా తేడా మిగిలితే అప్పుడు సవరణ పత్రం రాసి, అధికారి సంతకం తీసుకుంటాం. ఆయన మధ్యలో రెండు సార్లు ఆపి, ఖరీదైన వస్తువులు, చౌక వస్తువులు ఒకే తరచుదనంతో లెక్కపెడతారా అని అడిగారు. లేదు, ముఖ్యమైనవి ఎక్కువసార్లు అన్నాను. ఆయన నవ్వి, "దీన్ని నేను రెండు వారాలు పాఠం చెప్తాను" అన్నారు. మూడు క్రెడిట్లు ఆ కోర్సు కిందే వేశారు.

మూడు అర్జీలూ ఒప్పుకున్నారు. 12 కాస్తా 21 అయ్యాయి. ఏస్ సిఫార్సు లేకపోయినా, పోర్ట్‌ఫోలియో పద్ధతి, అంటే మీకు వచ్చినదాన్ని ఆధారాలతో రాసి చూపించే పద్ధతి, ఉన్న కాలేజీలో ప్రయత్నించవచ్చు. జేఎస్‌టీలో "క్రెడిట్ సిఫార్సు చేయలేదు" అనో, "ఇంకా చూడలేదు" అనో ఉన్న కోర్సులకి అదే దారి. దానికి కొంత ఫీజు ఉండొచ్చు, రాత పని ఎక్కువ.

పరీక్ష రాసి తెచ్చుకునే క్రెడిట్లు

ట్రైనింగ్ క్రెడిట్లు ఇంగ్లీష్, మ్యాథ్స్, హిస్టరీ లాంటి కోర్సుల కింద దాదాపుగా పడవు. ఆ ఖాళీలు నింపడానికి క్లెప్, డీఎస్ఎస్‌టీ అనే పరీక్షలు ఉన్నాయి. క్లెప్ 1967 నుంచి ఉంది. ఎక్కువ సబ్జెక్టుల్లో గంటన్నర పరీక్ష, 20 నుంచి 80 మధ్య స్కోరు, 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని ఏస్ సిఫార్సు. డీఎస్ఎస్‌టీ మొదట సైనికుల కోసమే తయారైంది.

సర్వీసులో ఉన్నవాళ్ళకి ఒక్కో సబ్జెక్టులో మొదటిసారి రాసే పరీక్షకి డాంటెస్ అనే రక్షణ శాఖ విభాగం ఫీజు కడుతుంది. బేస్ మీద ఎడ్యుకేషన్ సెంటర్‌కి వెళ్ళి అడిగితే చాలు. నేను ఆరేళ్ళలో ఒక్కటి కూడా రాయలేదు. సాయంత్రం నాలుగున్నరకి ఆ సెంటర్ ముందు నుంచే రూమ్‌కి నడిచి వెళ్ళేదాన్ని. ఇప్పటికీ బాధగా ఉంటుంది. బయటికి వచ్చాక నాలుగు పరీక్షలు రాశాను. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు చెప్పి, పూర్తిచేసినవాళ్ళకి క్లెప్ ఫీజు వోచర్ ఇస్తుంది. అది వాడుకున్నాను. జీఐ బిల్ కింద, అంటే సర్వీసు చేసినవాళ్ళ చదువుకి ప్రభుత్వం ఇచ్చే సాయం కింద, కూడా పరీక్ష ఫీజు తిరిగి అడగొచ్చు, కానీ దానికి మీ ఖాతాలోంచి కొంత తగ్గుతుంది. నాలుగూ పాసయ్యాను, 12 క్రెడిట్లు. రాసేముందు మీ కాలేజీ ఆ సబ్జెక్టుని ఏ కోర్సు కింద వేస్తుందో తప్పకుండా చూడండి. ఫెయిలైతే క్లెప్ మళ్ళీ రాయడానికి మూడు నెలలు ఆగాలి, కాబట్టి చివరి నెలకి పెట్టుకోవద్దు.

మనవాళ్ళకి ఒక మాట. కొన్ని డిగ్రీలకి విదేశీ భాష కోర్సులు తప్పనిసరి. తెలుగులో క్లెప్ లేదు. కానీ ఆక్ట్‌ఫుల్ సంస్థ జరిపే మౌఖిక పరీక్ష, ఓపీఐ, తెలుగులో ఉంది. మీ కాలేజీ దాన్ని ఒప్పుకుంటుందా, లేక తెలుగు మీడియంలో చదివిన సర్టిఫికెట్ చూపిస్తే మినహాయింపు ఇస్తుందా అని అడగండి. అమ్మ నేర్పిన భాషకి క్రెడిట్ వస్తే ఎందుకు వదులుకోవాలి?

జీఐ బిల్‌తో లెక్క

పోస్ట్ 9/11 జీఐ బిల్ 36 నెలలు ఇస్తుంది. ఏడాదికి తొమ్మిది నెలల చదువు చొప్పున నాలుగేళ్ళు. నాకు 21, 12 కలిపి 33 క్రెడిట్లు తగ్గాయి. మూడేళ్ళలో డిగ్రీ అయిపోయింది. 27 నెలలు వాడాను, మిగిలిన తొమ్మిది నెలలు మాస్టర్స్ మొదటి ఏడాదికి వాడుకున్నాను. ఆ 21ని 12 దగ్గరే వదిలేసి, పరీక్షలు కూడా రాయకపోయి ఉంటే మాస్టర్స్‌కి అప్పు చేసేదాన్ని.

జీఐ బిల్ తీసుకునే ప్రతి కాలేజీ మీ పాత చదువుని, ట్రైనింగ్‌ని చూసి, తగిన క్రెడిట్ ఇచ్చినట్టు రికార్డు ఉంచాలని వెటరన్స్ శాఖ నిబంధన. అందుకే వాళ్ళు ఎలాగూ మీ జేఎస్‌టీ అడుగుతారు. చూడడం వాళ్ళ బాధ్యత కాబట్టి, ఎలా చూశారని మీరు మొహమాటం లేకుండా అడగొచ్చు. ఇంకా సర్వీసులో ఉండి ట్యూషన్ అసిస్టెన్స్‌తో చదివేవాళ్ళకీ ఇదే లెక్క. అది క్రెడిట్‌కి 250 డాలర్ల వరకే ఇస్తుంది, ఏడాదికి పరిమితి కూడా ఉంది. మీకు ముందే తెలిసిన కోర్సు మీద దాన్ని ఖర్చుపెట్టకండి.

ఒక ప్రమాదం కూడా ఉంది. పనికిరాని క్రెడిట్లు ఎక్కువ చేరినా ఇబ్బందే. ఫెడరల్ సాయం తీసుకునేవాళ్ళు డిగ్రీకి అవసరమైన క్రెడిట్లకి ఒకటిన్నర రెట్లు దాటకుండా చదువు ముగించాలి. కాలేజీ ఒప్పుకున్న బయటి క్రెడిట్లు కూడా అందులో లెక్కకొస్తాయి. మేజర్ మార్చుకుంటూ పోయేవాళ్ళకి ఇది మెడకు చుట్టుకుంటుంది. డిగ్రీకి వర్తించని క్రెడిట్లు రికార్డులో ఎక్కించకుండా ఉండే వీలు మీ కాలేజీలో ఉందేమో అడగండి.

ఇంకా, మిలిటరీ క్రెడిట్లకి గ్రేడ్ ఉండదు. మెడికల్ స్కూల్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు బయాలజీ, కెమిస్ట్రీ లాంటివి క్లాసులో కూర్చుని గ్రేడ్‌తో చదవడమే మంచిది, క్రెడిట్ వచ్చినా సరే. నర్సింగ్‌లో కూడా చాలా చోట్ల అనాటమీ అలాగే చదవాలంటారు. మా తమ్ముడికి ఇదే చెప్పాను. వాడికి అనాటమీ దగ్గర పట్టుదల వద్దు, అది ఎలాగూ మళ్ళీ చదవాల్సిందే. మెడికల్ టెర్మినాలజీ, ఫస్ట్ ఎయిడ్, హెల్త్ కేర్‌కి సంబంధించిన మొదటి ఏడాది కోర్సుల దగ్గర గట్టిగా నిలబడమన్నాను.

అర్జీతో పాటు పంపే ఉత్తరం చిన్నదిగా ఉండాలి. నాది ఇలా మొదలైంది: "నా జేఎస్‌టీలో ఫలానా నంబర్ కోర్సుకి ఏస్ మూడు క్రెడిట్లు సిఫార్సు చేసింది. ప్రస్తుతం అవి నా డిగ్రీకి వర్తించనివాటిలో ఉన్నాయి. మీ కేటలాగ్‌లోని ఫలానా కోర్సు సిలబస్‌తో పోల్చి చూసిన పేజీ జతచేస్తున్నాను. ఆ కోర్సు బదులుగా వీటిని పరిశీలించమని కోరుతున్నాను. అవసరమైతే అధ్యాపకుల ముందు మాట్లాడటానికి, పరీక్ష రాయటానికి సిద్ధంగా ఉన్నాను." అంతే. నా సర్వీసు గురించి, త్యాగం గురించి ఒక్క మాట కూడా రాయలేదు. వాళ్ళకి కావలసింది ఆ కోర్సులో ఉన్నది నాకు వచ్చా రాదా అన్నది. పంపాక రెండు వారాలకి ఒకసారి, వాళ్ళు జవాబిచ్చేదాకా, మర్యాదగా గుర్తుచేశాను.

నిన్న రాత్రి తమ్ముడు తన డిగ్రీ ఆడిట్ ఫొటో పంపాడు. 40లో 15 మాత్రమే చోటు చేసుకున్నాయి. ఈ శనివారం ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుంటున్నాం, ఎడమవైపు కోర్సులు వాడు రాస్తాడు, కుడివైపు నేను వెతుకుతాను. మొదటి పేజీ మెడికల్ టెర్మినాలజీది.